నార్సింగి పిల్లల గ్రూపు

"...పాంప్లెట్ ఇచ్చినోళ్లకా, సర్టిఫికెట్లు తెచ్చినోళ్లకా? మీరే చెప్పండి సార్, ఆ పిల్లగాడు ఎవరి లెక్కకు రావాలె?"

"సర్టిఫికెట్లు ఎవరి చేతిలో ఉంటే వారి లెక్కేనండీ. కొత్తగా నేను చెప్పేదేముంది?"

"వాళ్లింటికి ఎన్నిసార్లు పోయిన్నో తెల్సా మీకు? వాళ్ల నాయినతోని కల్లు కాంపౌండ్ల కూసున్న."

"అది మీ సొంత పని అనుకున్నానండీ."

రాజరాజేశ్వరి స్టాఫ్‌రూములోకి అడుగుపెట్టేసరికి జువాలజీ చెప్పే నరేందర్, కెమిస్ట్రీ చెప్పే సీతారామాంజనేయులు బీరువాకు చెరోపక్క నిలబడి ఉన్నారు. ఇద్దరి మధ్యా గోధుమరంగు కవరు ఒకటి ఉంది. దాని మీద సీతారామాంజనేయులు చెయ్యి ఉంది.

"మేడం, మీరు చెప్పుండ్రి," అన్నాడు నరేందర్. "కోకాపేట పిల్లగాడు. మే నెల నుంచి నేను తిరుగుతున్న. ఈయన పోయిన వారం పోయి కవర్ పట్టుకొచ్చిండు."

"నన్ను అడగకుండ్రి. పొద్దున్నే పంచాయితీ నాతోని కాదు," అని రాజరాజేశ్వరి బీరువా తెరిచి తన అరలోకి చూసింది. ఏడు కవర్లూ ఉన్నాయి. మళ్లీ తాళం వేసింది.

కొత్తగూడ చౌరస్తాలో శానిటరీ సామాను దుకాణం పైన ఉన్న రెండు అంతస్తుల్లో ఆ డిగ్రీ కాలేజీ నడిచేది. ఇంటర్ ఫలితాలు రాగానే కాలేజీలోని లెక్చరర్లందరినీ తలా ఒక దిక్కుకు పంపేవారు. ఇళ్లకు వెళ్లాలి, తల్లిదండ్రులతో మాట్లాడాలి. ఒప్పుకున్నవాళ్ల దగ్గర మార్కుల మెమో, టీసీ అసలువి తీసుకుని కవర్లో పెట్టుకుని రావాలి. అసలు సర్టిఫికెట్లు ఒకచోట ఇచ్చిన పిల్లలు ఇంకోచోట దరఖాస్తు పెట్టలేరు. ఎవరు తెచ్చిన కవర్లు వారి అరలోనే ఉండేవి. గ్రూపులు ఖరారయ్యే రోజున వాటిని ఆఫీసులో అప్పజెప్పాలి. అప్పజెప్పినవాటిని బట్టి ఎవరి లెక్క ఎంతో తేలుతుంది.

ఈ గొడవ జరిగింది ఆ రోజునే. 1999 జూలైలో ఒక శనివారం. మొదటి సంవత్సరం పిల్లలు తమ గ్రూపు, సెకండ్ లాంగ్వేజి కాగితం మీద రాసి ఇవ్వాలి. సాయంత్రానికి కవర్లన్నీ ఆఫీసుకు చేరాలి. రాజరాజేశ్వరి తెచ్చిన ఏడుగురూ ఆడపిల్లలే. అందరూ నార్సింగి, కోకాపేట, మంచిరేవుల వైపు వాళ్లు.

*

రాజరాజేశ్వరిది వేములవాడ దగ్గరి ఊరు. ఆ పేరు అందుకే వచ్చింది. తండ్రి సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో గుమస్తాగా ఉండేవాడు. ఇంటర్‌లో ఆమె బైపీసీ చేరడానికి ప్రత్యేకమైన కారణమేమీ లేదు. ఆ ఏడు వాళ్ల కాలేజీలో లెక్కల లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉంది. డిగ్రీ కరీంనగర్‌లో చదివింది. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జువాలజీ చేయాలనుకుంది. కౌన్సెలింగ్ రోజున ఆమెకు ముందు నిలబడిన అమ్మాయి జువాలజీలో చివరి సీటు తీసుకుని పక్కకు జరిగింది. బల్ల వెనక కూర్చున్న క్లర్కు తలెత్తకుండానే "బాటనీ ఉంది, రాయాలా?" అన్నాడు. తండ్రి తలూపాడు. క్లర్కు రాసుకున్నాడు.

ఇష్టం తర్వాత వచ్చింది. మొక్క కాండాన్ని బ్లేడుతో అడ్డంగా, కాగితం కన్నా పలచగా కోసి, ఎర్రరంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టడం ఆమెకు చేతికొచ్చింది. తోటివాళ్లు రెండు మూడు కాండాలు పాడుచేసేలోపు ఆమె స్లైడు తయారయ్యేది. ప్రొఫెసర్ తన డెమోకు ఆమె స్లైడే పెట్టుకునేవాడు. అంతకు మించి చదువులో ఆమెకు పేరేమీ రాలేదు. రీసెర్చికి సీటు రాలేదు. సర్కారు లెక్చరర్ పరీక్ష రెండుసార్లు రాసింది. పెళ్లయింది. భర్త లింగమూర్తి లింగంపల్లిలో ఒక సిమెంటు దుకాణంలో పనిచేసేవాడు. కూతురు చిన్ను ఒకటో తరగతి. కొత్తగూడలో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నారు. కాలేజీ పెట్టినప్పటి నుంచి అక్కడ బాటనీ చెప్పేది ఆమె ఒక్కతే.

పిల్లలు ఆమెను ఇష్టపడేవారా అంటే చెప్పడం కష్టం. ఆమె జోకులు వేసేది కాదు. కానీ ఆమె క్లాసు ఎగ్గొట్టేవాళ్లు తక్కువ. ప్రాక్టికల్స్ రోజున ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, చేతి మీద చెయ్యి వేసి బ్లేడు పట్టుకోవడం నేర్పేది. వేలు తెగినవాళ్ల కోసం టేబుల్ సొరుగులో దూది, అయోడిన్ ఉండేవి.

*

కాలేజీ యజమాని భీమేశ్వరరావును అందరూ కరస్పాండెంట్ గారు అనేవారు. తెనాలి మనిషి. ట్యూషన్లు చెప్పుకుంటూ వచ్చి కాలేజీ దాకా ఎదిగాడు. ఎవరినీ గట్టిగా కసిరేవాడు కాదు. ఏప్రిల్‌లో ఆయన రాజరాజేశ్వరిని తన గదికి పిలిచాడు.

"ఏమండీ మేడం, కూర్చోండి. ఈ ఏడాది ఫస్టియర్‌లో బాటనీ తీసేస్తున్నాం. మైక్రోబయాలజీ, జువాలజీ, కెమిస్ట్రీ. కొత్త గ్రూపు. పర్మిషన్ వచ్చేసింది."

"బాటనీ ఎందుకు తీసేస్తున్నరు సార్?"

"నేనెందుకు తీస్తానండీ? పేరెంట్స్ తీసేస్తున్నారు. బాటనీ అంటే ఏమిటండీ, మొక్కల చదువా అని అడుగుతున్నారు. మైక్రోబయాలజీ అంటే ఏమీ అడగట్లేదు."

"మరి అది ఎవరు చెప్తరు?"

"మీరేనండీ. బాటనీలో బ్యాక్టీరియా లేదా? ఫంగస్ లేదా?"

"అది ఒక్క పేపర్ల సగం సార్."

"మిగతాది పుస్తకంలో ఉంటుందండీ. మీకు రాదంటారా? ల్యాబ్ ఆగస్టుకల్లా పెట్టేస్తాం." ఆయన ముందున్న కాగితం మీద అంకె ఒకటి రాశాడు. "పదిహేను మంది వస్తే గ్రూపు నడుస్తుంది. గ్రూపు నడిస్తే మీరుంటారు. ఇప్పుడున్న బాటనీ పిల్లలు పాసై వెళ్లిపోయాక, బాటనీ మేడానికి ఇక్కడేం పని చూపించమంటారు, మీరే చెప్పండి."

ఆ మాట ఆయన బెదిరింపుగా అనలేదు. నిజంగానే అడిగాడు. రాజరాజేశ్వరి సరేనంది. అబిడ్స్ వెళ్లి మైక్రోబయాలజీ పుస్తకం కొనుక్కుంది. వేసవి సెలవుల్లో చిన్నును పడుకోబెట్టి దాన్ని చదివింది. చదువుతున్నకొద్దీ చెప్పగలననే అనిపించింది.

మే నెలాఖరున నార్సింగి వెళ్లింది. మొగిలి ఇల్లు మొదటగా తగిలింది. అతను పరకాల వైపు నుంచి వచ్చినవాడు. మాదాపూర్‌లో లేస్తున్న పెద్ద భవనాలకు సెంట్రింగ్ పని చేసేవాడు. ఆ రోజు బండలు పేల్చే పని ఉందని సైటు ఆపేశారు, అందుకే ఇంట్లో ఉన్నాడు. రేకుల గదిలో మంచం వాల్చి ఆమెను కూర్చోబెట్టారు. మొగిలి భార్య మజ్జిగ ఇచ్చింది, తర్వాత తినందే పోనివ్వనంది. జొన్నరొట్టె, కందిపప్పు పెట్టింది. బిడ్డ భూలక్ష్మి గడప దగ్గర నిలబడి అన్నీ వింటూ ఉంది. బయట అరుగు మీద పలకలు పట్టుకుని నలుగురు చిన్నపిల్లలు కూర్చుని ఉన్నారు. వాళ్లకు ఎక్కాలు చెప్పేది భూలక్ష్మే.

"చదివి ఏమయితవు?" అని రాజరాజేశ్వరి అడిగింది.

"టీచర్ అయిత మేడం. సర్కారు బడిల. బయాలజీ టీచర్."

"అయితవు," అంది రాజరాజేశ్వరి. ఆ జవాబు గురించి ఆమె ఆలోచించలేదు. ఎవరైనా అదే అనేవారు.

మొగిలి గ్రూపు సంగతి, కాలేజీ సంగతి ఏమీ అడగలేదు. ఒక్కటే అడిగాడు. "క్లాసులు మీరే చెప్తరా మేడం?"

"నేనే చెప్త."

"అయితే ఇగ ఫికర్ లేదు," అని ట్రంకుపెట్టె తెరిచి, చీరల కింద నుంచి మెమో, టీసీ తీసి రెండు చేతులతో ఇచ్చాడు.

మిగతా ఆరుగురి ఇళ్లలో ఆమెకు పెద్దగా పని పడలేదు. వాళ్లంతా ఇంటర్‌కు ఒకే బస్సులో మెహదీపట్నం వెళ్లి వచ్చినవాళ్లు. ఆడపిల్లను ఒక్కదాన్నే పంపడానికి ఏ ఇంట్లోనూ ఒప్పుకునేవారు కాదు. ఏడుగురు కలిసి వెళ్తే ఒప్పుకునేవారు. అందుకని ఒకరు ఎక్కడ చేరితే అందరూ అక్కడే చేరాలి. ఒకరు ఏ గ్రూపు తీసుకుంటే అందరూ అదే తీసుకోవాలి. వేరే గ్రూపయితే క్లాసుల వేళలు వేరవుతాయి, వచ్చేటప్పుడు ఒంటరవుతుంది. కాలేజీ మెటాడోర్ వ్యాను నార్సింగి దాకా వస్తుందని రాజరాజేశ్వరి చెప్పింది. "మొగిలి బిడ్డ ఏది రాస్తే మా పిల్ల గూడ అదే," అని ప్రతి ఇంట్లోనూ అన్నారు. ఏడు కవర్లూ ఒక్కరోజులో వచ్చాయి. తిరిగి వచ్చాక భీమేశ్వరరావు ఆమెకు కాఫీ తెప్పించాడు.

*

జూలై మొదట్లో పిల్లలకు పరిచయం క్లాసులు పెట్టారు. రాజరాజేశ్వరి పాలు పెరుగు కావడంతో మొదలుపెట్టింది. నిన్నటి పెరుగు చుక్క వేస్తే ఇవాళ్టి పాలు ఎందుకు తోడుకుంటాయి, ఎక్కువ వేడి పాలలో వేస్తే ఎందుకు తోడుకోవు, ఆ చుక్కలో ఏముంది అని అడిగి, జవాబులు రాబట్టి, బోర్డు మీద బొమ్మలు వేసింది. వెనక బెంచీ నుంచి నతానియేల్ అనే కుర్రాడు, "మేడం, మా అమ్మ పెరుగుల ఎన్ని కోట్లు ఉంటయి?" అంటే క్లాసంతా నవ్వింది. క్లాసు బాగా జరిగింది. ఆమెకు కూడా తెలిసింది.

అయిపోయాక భూలక్ష్మి ఆమె వెనకే వరండాలోకి వచ్చింది.

"మేడం, ల్యాబ్ చూడొచ్చా?"

ల్యాబ్ గదికి నీలం బోర్డు తగిలించారు. లోపల బాటనీ ల్యాబ్ నుంచి తెచ్చిన మైక్రోస్కోపు ఒకటి, క్యాంటీన్ నుంచి పైకి ఎక్కించిన ఫ్రిజ్ ఒకటి ఉన్నాయి. ఫ్రిజ్ తలుపు మీద కూల్‌డ్రింక్ స్టిక్కర్ ఇంకా ఉంది.

"సామాను వస్తది," అంది రాజరాజేశ్వరి.

"సరే మేడం." భూలక్ష్మి ఫ్రిజ్ కేసి చూసి నవ్వు ఆపుకుంది. తర్వాత అడిగింది. "ఇది చదివితే బీఈడీల బయాలజీ ఇస్తరు గద మేడం? మా ఊరి టీచరమ్మ బాటనీ, జువాలజీ చదివిందట. ఇది చదివితే ఇయ్యరేమో అంటున్నది."

రాజరాజేశ్వరికి జవాబు తెలియదు. మే నెలలో నార్సింగిలో రొట్టె తింటున్నప్పుడు కూడా తెలియదు.

"కనుక్కొని చెప్త," అంది.

యూనివర్సిటీలో ఆమెతో చదివిన స్నేహితురాలు ఒకామె బీఈడీ కాలేజీలో పనిచేసేది. కాయిన్ బూత్ నుంచి ఆమెకు ఫోన్ చేసింది. "బయాలజీ మెథడ్‌కు బాటనీ, జువాలజీ అడుగుతరు రాజీ," అంది స్నేహితురాలు. "ఈ కొత్త గ్రూపుల సంగతి మాకెవ్వరికీ తెల్వది. జీవో అయితే రాలే. రేపొస్తదో, ఎప్పుడొస్తదో. నువ్వు నీ చెల్లెకయితే ఏం చెప్తవో అదే చెప్పు."

భీమేశ్వరరావుతో ఈ మాట చెబితే ఆయన నొచ్చుకోలేదు.

"మేడం, ఆ అమ్మాయి బీఈడీకి వెళ్లేది మూడేళ్ల తర్వాతండీ. మూడేళ్లలో జీవో రాదా? అయినా అందరూ టీచర్లవుతారా? పెళ్లిళ్లవుతాయి, ఉద్యోగాలొస్తాయి. ఇప్పుడు మీరు ఇలాంటివి ఒకరితో అంటే ఏడుగురూ వెళ్లిపోతారు. ఏడుగురు వెళితే గ్రూపు లేదు."

"ప్రాక్టికల్ పరీక్ష ఎట్ల సార్, ల్యాబ్ లేకుంటే?"

"రికార్డులు నీట్‌గా రాయించండి. ఎక్స్‌టర్నల్ వచ్చినప్పుడు నేను చూసుకుంటాను."

ఆ సాయంత్రం లింగమూర్తి ఉల్లిగడ్డలు కోస్తుంటే ఆమె ఈ సంగతంతా చెప్పింది. అతను కళ్లు తుడుచుకుంటూ విన్నాడు.

"చెప్పకపోతే ఏమయితది?" అన్నాడు.

"ఏం కాదు. చేరుతరు."

"చెప్తే?"

"నా కొలువు ఈ బాటనీ పిల్లలు పోయేదాకనే."

"ఇంకో కాలేజీల చూసుకోవచ్చు."

"బాటనీ ఇప్పుడు ఎవరు పెడ్తున్నరు?"

లింగమూర్తి కోసిన ఉల్లిగడ్డలు గిన్నెలో వేశాడు. చిన్ను వచ్చి తన పెన్సిలు చెక్కిమ్మంది. రాజరాజేశ్వరి చెక్కి ఇచ్చింది.

*

శనివారం పదకొండు గంటలకు కాలేజీ నిండిపోయింది. మెట్ల మీద కూడా తల్లిదండ్రులు కూర్చున్నారు. ఆఫీసు కిటికీ ముందు వరస కట్టారు. అవతల కొండ మీద బండలు పేల్చడానికి ముందు ఊదే ఈల వినిపించింది, కాసేపటికి కిటికీ అద్దాలు అదిరాయి. ఎవరూ తలెత్తి చూడలేదు.

కిటికీ దగ్గర క్లర్కు కాగితం చూసి, "నతానియేల్, సెకండ్ లాంగ్వేజి సంస్కృతమా? మీ పాస్టర్‌కు తెల్సా?" అన్నాడు.

"ఆయన కొడుకు గూడ అదే తీసుకున్నడు సార్. తెలుగుల యాభై రావు, దీంట్ల తొంభై వస్తయట."

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు.

నార్సింగి పిల్లలు వరసలో లేరు. ఆరుగురు మూడో నంబరు గదిలో ఒకే బెంచీలో ఇరుక్కుని కూర్చుని ఉన్నారు. పేరు, తండ్రి పేరు, ఊరు రాసి, గ్రూపు దగ్గర ఖాళీ వదిలేసి, పెన్నులు పట్టుకుని భూలక్ష్మి కోసం చూస్తున్నారు. భూలక్ష్మి, మొగిలి వరండాలో రాజరాజేశ్వరి ముందు నిలబడ్డారు. మొగిలి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"నమస్తే మేడం. బిడ్డ రెండ్రోజుల సంది గులుగుతున్నది. మీరేదో కనుక్కొని చెప్తనన్నరట. నాకయితే ఏం తెల్వది. మీరేది చెప్తే అది రాయిస్త."

రాజరాజేశ్వరి వాళ్లను ఖాళీగా ఉన్న బాటనీ ల్యాబ్‌లోకి తీసుకెళ్లింది. మొగిలి స్టూలు మీద కూర్చోలేదు.

"బయాలజీ టీచర్ కావాలంటే బాటనీ, జువాలజీ రెండూ ఉండాలె," అంది. "మైక్రోబయాలజీ ఉంటే తీసుకుంటరో లేదో ఇప్పటికయితే ఎవరికీ తెల్వదు. ఇక్కడ ఈ ఏడు బాటనీ లేదు."

మొగిలి బిడ్డ వైపు చూశాడు, మళ్లీ ఆమె వైపు చూశాడు.

"మా ఇంట్ల కూసొని, అన్నం తిని చెప్తిరి గద మేడం. టీచర్ అయితదని."

"చెప్పిన. కనుక్కోకుండ చెప్పిన."

"మరి గిప్పుడేంది? చేర్పియ్యొద్దంటరా?"

"కోఠిల ఆడపిల్లల కాలేజీ ఉన్నది. బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ ఉన్నది. ఖాళీ సీట్లకు సోమవారం రెండో లిస్టు తీస్తున్నరు. అసలు సర్టిఫికెట్లు పట్టుకొని పోవాలె. భూలక్ష్మి మార్కులకు రావొచ్చు."

"కోఠికా!" మొగిలి నవ్వినట్టుగా ఊపిరి వదిలాడు. "నార్సింగి నుంచి మెహదీపట్నం, ఆడ బస్సు మారి కోఠి. మీ వ్యాను ఇంటి ముంగట ఎక్కిచ్చుకుంటదంటేనే గద నేను ఒప్పుకున్నది. ఒక్కతే ఎట్ల పోతది మేడం? నేను పంప."

"నాయినా, మెహదీపట్నం దాక ఇంటర్‌కు పోలేదా?" అంది భూలక్ష్మి.

"ఏడుగురు పోయిన్రు. నువ్వొక్కదానివా?"

"మల్ల ఏడుగురం పోతం."

"వాళ్లెందుకొస్తరే?"

"నేను రాసిందే రాస్తరు గద వాళ్లు. ఆడ కూసొని నా కోసమే చూస్తున్నరు. పెన్ను సిరా గూడ ఆరిపోయి ఉంటది."

మొగిలి తల గోక్కున్నాడు. "నువ్వు పోయి చెప్తే ఇనరు. వాళ్ల అయ్యలు నన్ను తిడ్తరు. మేడం చెప్తే ఇంటరు." అని రాజరాజేశ్వరి వైపు తిరిగాడు. "మీరు చెప్తరా మేడం? ఏడు ఇండ్లకు?"

మైక్రోస్కోపు తీసేసిన చోట బల్ల మీద దుమ్ములో నలుపలకల గుర్తు ఉంది. రాజరాజేశ్వరి దాన్ని చేత్తో తుడిచింది.

"జర ఇక్కడనే ఉండుండ్రి," అని స్టాఫ్‌రూముకు వెళ్లింది.

నరేందర్ లోపల ఒంటరిగా ఉన్నాడు. కోకాపేట కవరు చివరికి అతని అరలోకే చేరింది, అందువల్ల హుషారుగా ఉన్నాడు. ఆమె అర తెరిచి ఏడు కవర్లూ తీసి చేతిలో పెట్టుకోవడం చూసి, "ఆఫీసుకా మేడం? నావి గూడ తీస్కపోండ్రి," అన్నాడు.

"ఆఫీసుకు కాదు. పిల్లలకు ఇస్తున్న."

"ఎందుకు?"

ఆమె చెప్పింది. నరేందర్ వింటూ వింటూనే కుర్చీలో కూర్చున్నాడు.

"మేడం, మీది ఒక్క కొలువే అనుకుంటున్నరా? ఆ గ్రూపుల జువాలజీ గూడ ఉన్నది. ఏడుగురు పోతే పదిహేను కారు. గ్రూపు లేకుంటే నేనేం జేయాలె? పోయి సిద్దిపేటల మా నాయిన దుకాణంల కూసోవాలె."

"తెలుసు నరేందర్."

"తెలిసి గూడ ఇస్తరా? ఒక్క పిల్ల టీచర్ అయితదో కాదో అని?"

"ఏడుగురు."

"ఏడుగురు టీచర్లు కారు మేడం. మీకు తెల్సు, నాకు తెల్సు. అండ్ల ముగ్గురికి వచ్చే ఏడే లగ్గాలయితయి."

"కావొచ్చు."

"మరి?"

రాజరాజేశ్వరి బీరువాకు తాళం వేసింది. కవర్లు ఒకసారి లెక్కచూసుకుంది. నరేందర్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆమె బయటికి వచ్చేటప్పుడు అతను ఏదో అన్నాడు. లారీల చప్పుడులో అది ఆమెకు సరిగా వినపడలేదు.

మూడో నంబరు గదిలో ఆమె బోర్డు ముందు నిలబడి మాట్లాడింది. క్లాసు చెప్పినట్టే చెప్పింది. బీఈడీలో ఏమడుగుతారో, తనకు తెలిసిందేమిటో, తెలియనిదేమిటో విడివిడిగా చెప్పింది. ఈ కాలేజీలో ల్యాబ్ ఇంకా లేదని కూడా చెప్పింది. ఇక్కడే చేరాలనుకునేవాళ్లు చేరొచ్చు, ఆ పాఠాలు తాను కష్టపడి చెబుతానంది. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తలుపు దగ్గర మొగిలి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కోకాపేట పిల్ల ఒకతి మాత్రం, "ఆడ గూడ సంస్కృతం ఉంటదా మేడం?" అని అడిగింది. ఉంటుందంది రాజరాజేశ్వరి. భూలక్ష్మి తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. అది చూసి మిగతావాళ్లూ మడిచారు.

ఆమె కవర్ల మీద పేర్లు చదువుతూ ఒక్కొక్కరినీ పిలిచి ఇచ్చింది. మొగిలి మెమో, టీసీ బయటికి తీసి, వెలుగుకు పెట్టి చూసి, మళ్లీ కవర్లో పెట్టాడు.

"ఇండ్ల దగ్గర మాట్లాడుత మేడం," అన్నాడు. "కానీ ఆ కోఠి కాలేజీల నాకెవ్వరు తెల్వది. మమ్ముల సూస్తరా?"

మధ్యాహ్నం అన్నాల వేళకు భీమేశ్వరరావు స్టాఫ్‌రూముకు వచ్చాడు. చేతిలో కవర్ల బొత్తి ఉంది. సీతారామాంజనేయులు టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాడు. నరేందర్ తినడం లేదు.

"మేడం, అందరివీ వచ్చేశాయండీ. మీ ఏడూ ఇంకా రాలేదు. క్లర్కు అడుగుతున్నాడు."

రాజరాజేశ్వరి లేచి నిలబడింది.

"అవి రావు సార్. పిల్లలకు ఇచ్చేసిన. సోమవారం నాకు సెలవు కావాలె. వాళ్లను తీసుకొని కోఠి పోతున్న."